గుట్ట మీద సున్నం ఎవరిదంటే

రెండు వారాల కిందట ఒక శుక్రవారం పొద్దున, షాపు షట్టరు సగం ఎత్తానో లేదో పెద్దబాపు అల్లుడు వంగి లోపలికి వచ్చాడు. చేతిలో పాత రైల్వే గుర్తింపు కార్డు. నేను పనిచేసేది బహదూర్‌పురాలో ఒక జిరాక్స్ షాపులో. కార్డులు పట్టుకొని వచ్చేవాళ్లు పొద్దున్నుంచి వస్తూనే ఉంటారు కాబట్టి, అలవాటుగా చెయ్యి చాపి, "ఎన్ని కాపీలన్నా?" అని అడిగాను.

"కాపీలు గాదు తమ్మీ. దీంట్లున్న ఫోటో పెద్దగ చెయ్యాలె."

"ఎందుకు? పెద్దబాపుకు సన్మానం చేస్తున్నరా ఏంది?"

నవ్వుతూ అడిగాను ఆ మాట. ఆయన నవ్వలేదు. "మామ తెల్లారంగ పోయిండు," అన్నాడు.

కార్డును స్కానర్ మీద పెట్టింది నేనే. తపాలా బిళ్లంత ముఖాన్ని తెర మీద పెద్దది చేస్తూ పోయాను. పెద్దది చేసిన కొద్దీ అది చుక్కలు చుక్కలుగా విడిపోయింది. ఎక్కడ ఆపాలో తెలియలేదు. చివరికి ఆయనే నా చెయ్యి పట్టుకొని, "చాలు తమ్మీ," అన్నాడు.

తర్వాత వాళ్ల ఇంటి ముందు టెంటు వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టినప్పుడు, పాస్టరుగారు నన్ను కూడా నాలుగు మాటలు చెప్పమన్నారు. నన్ను ఎరిగినవాళ్లకు తెలుసు, మైకు దొరికితే వదిలే రకం కాదు నేను. ఆ రోజు మాత్రం నిలబడి, పెద్దబాపు ఫోటో వైపు చూసి, కూర్చున్నాను. ఏడుపొచ్చి కాదు. ఆ టెంటు కింద కూర్చున్నవాళ్లలో చాలామంది నేను ఆయన మీద రాసిన కాగితం చదివినవాళ్లు. ఆ కాగితం గురించి చెప్పకుండా ఆయన గురించి ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. అందుకే ఇది రాస్తున్నాను. ఆ కాగితం అంటించిన చోట్లనే, చాయ్ హోటల్ గోడ మీద, రేషన్ షాపు తలుపు మీద, దీన్నీ అంటిస్తాను. అది చదివినవాళ్లు దయచేసి ఇదీ చదవండి.

పెద్దబాపు మా నాన్నకు అన్న కాదు. జహనుమాలో మా ఇంటికి మూడిళ్ల అవతల ఆయన ఇల్లు. వాళ్లు చర్చికి వెళ్తారు, మేం బోనం ఎత్తుతాం. అయినా మా గల్లీ పిల్లలందరికీ ఆయన పెద్దబాపే, ఆయన భార్య పెద్దమ్మే. రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. కీమాన్ అంటే రోజూ తన వంతు పట్టాల వెంట నడుస్తూ, పట్టాను పట్టి ఉంచే కీలు వదులయ్యాయా అని సుత్తితో కొట్టి చూసుకుంటూ పోయే మనిషి. వదులైనదాన్ని బిగిస్తాడు. తనతో కాని చోట సున్నంతో గుర్తు పెడితే, వెనక వచ్చే మరమ్మతు గ్యాంగు చూసుకుంటుంది. స్లీపర్ల మీద నడిచి నడిచి ఆయన అడుగు ఒకే కొలతకు వచ్చేసింది. సాఫు రోడ్డు మీద కూడా అట్లానే, పొట్టి పొట్టిగా, సమంగా వేసేవాడు. చిన్నప్పుడు మేం వెనకాల నడుస్తూ అట్లా అనుకరించేవాళ్లం. ఆయన వెనక్కి తిరగకుండానే, "ఐదో నంబరోడు గాడి తప్పిండు," అనేవాడు. ఐదో నంబరు ఎప్పుడూ నేనే.

చలికాలం వచ్చిందంటే రోజూ పొద్దున గుట్ట ఎక్కేవాడు. మా ఇళ్ల వెనకాల ఉన్న గుట్టను చూసినవాళ్లు కొండ అనరు. ఒకదాని మీద ఒకటి ఆనుకున్న రాతి గుండ్లు, వాటి నడుమ ఎండిన గడ్డి, సీతాఫలం పొదలు, అక్కడక్కడ తంగేడు. ఎక్కడానికి ఇరవై నిమిషాలు చాలు. పెద్దబాపుతో వెళ్తే గంట. మంకీ క్యాపు, రైల్వే వాళ్లిచ్చిన ఖాకీ స్వెట్టరు, చేతిలో వెదురు కట్టె. ప్రతి బండనూ ఆ కట్టెతో కొట్టి, చెవి వంచి విని, ఆ తర్వాతే కాలు మోపేవాడు.

"ఏం వింటున్నవ్ పెద్దబాపూ?" అని పదేళ్ల వయసులో అడిగాను.

"అడుగు పెట్టే ముందు అడగాలె బిడ్డా. బండ జవాబు చెప్తది. గట్టిదైతే ఖణ్ మంటది. కింద బోలుంటే డబ్బు డబ్బు మంటది. పట్టా గూడ గంతే. మనిషి గూడ గంతే."

మాకు నవ్వు వచ్చేది. అడుగు పెట్టే ముందు అడుగు, అడుగు పెట్టే ముందు అడుగు అని పాటలాగా పాడుకుంటూ దిగేవాళ్లం. ఆ రెండు అడుగుల మధ్య తేడా తెలియడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.

డిగ్రీ నడుమ ఆపేశాక నేను చదివిందంతా కరపత్రాలే. సభల్లో పంచినవి, గోడల మీద అంటించినవి, షాపులో ఎవరో ప్రింటుకిచ్చి మరిచిపోయినవి, ఏదీ వదలలేదు. ఒక్కొక్కటి చదివినప్పుడల్లా ఒళ్లు మండేది. ఆ మంట ముందుగా తగిలేది పెద్దబాపుకే. ఆయన అరుగు మీద కూర్చొని జామపండు కోసుకుంటుంటే, నేను ముందు అటూ ఇటూ తిరుగుతూ ఉపన్యాసం ఇచ్చేవాణ్ని. అంతా విని, ఒక ముక్కకు ఉప్పు అద్ది నా చేతిలో పెట్టేవాడు. "ఊపిరి తీసుకో నాయకా. ఎక్స్‌ప్రెస్ రైలు గూడ స్టేషన్ల ఆగుతది."

పోయిన ఎండాకాలం గుట్ట అవతలి వైపు ఎవరో వచ్చి బండల మీద సున్నంతో గీతలు గీసిపోయారు. వారం తిరక్కుండా డ్రిల్లింగ్ మిషన్లు దిగాయి, బండలు పేల్చడం మొదలైంది. నెల రోజులు మా కిటికీలు అదిరాయి. ఇప్పుడు అటు వైపు గుట్ట లేదు, ప్లాట్లు అమ్మేవాళ్లు కట్టిన రేకుల ప్రహరీ ఉంది. ఎవరిని అడగాలో తెలియక, ఎవరిని అడిగినా జవాబు రాక, నేను ఎంత ఉడికిపోయానో మా గల్లీకి తెలుసు.

వానలు వెనకపట్టాక ఒక రోజు గుట్ట ఇవతలి వైపు, మన వైపు, బండల మీద సున్నం చుక్కలు కనిపించాయి. ఒకటి కాదు, దారి పొడుగునా. ఇక ఈ వైపు కూడా పోతుందనుకున్నాను. ఆ సాయంత్రమే పెద్దబాపు అరుగు మీద ఆనించిన కట్టె చూశాను. కొనకు సున్నం.

లోపలికి వెళ్లి ఒక్క మాట అడిగితే అయిపోయేది. మూడు అడుగుల దూరం. నేను షాపుకు వెళ్లి కాగితం టైపు చేశాను. "గుట్ట మీద సున్నం ఎవరిది?" అని పైన పెద్ద అక్షరాలు. కింద, ప్లాట్ల వాళ్లకు మన గల్లీలోనే కళ్లూ కాళ్లూ ఉన్నాయని, జీవితమంతా ప్రజల పట్టాలు కాచిన ఒక రైల్వే పెద్దమనిషి ఇప్పుడు ఎవరి పట్టాల కోసం గుర్తులు పెడుతున్నాడో చెప్పాలని రాశాను. రైలు పట్టా, భూమి పట్టా. ఆ మాట తట్టినందుకు షాపులో ఒక్కణ్నే నవ్వుకున్నాను కూడా. ఆయన పేరు రాయలేదు. మా గల్లీలో రైల్వే పెద్దమనిషి ఇంకెవరున్నారు?

రాత్రికే గోడల మీద అంటించి, మిగిలిన కాపీలు చాయ్ హోటల్ బల్లల మీద పెట్టాను. మర్నాడు అక్కడ పెద్దబాపు ఒకటి తీసి చదివాడు. ఆయన చదువు నెమ్మది, అక్షరం కింద వేలు పెట్టి చదువుతాడు. హోటలంతా ఆ వేలునే చూసింది. చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

పాలాయన ఊరుకోలేదు. "ఏం పెద్దబాపూ, నీ ప్లాటు ఎన్ని గజాలు మల్ల? మాక్కూడ ఓ మూల ఇప్పియ్యరాదు?"

నలుగురు నవ్వారు. పెద్దబాపు సాసరులో చాయ్ ఊదుకొని తాగాడు. లేచి వెళ్తూ నా బల్ల దగ్గర ఆగాడు. "రాత మంచిగుంది బిడ్డా," అన్నాడు. "చూసుడు తక్కువుంది."

నేను తల ఎత్తి, "ప్రశ్నకు జవాబు కావాలె, సర్టిఫికెట్ కాదు," అన్నాను. చాలామంది ముందు అన్నాను. ఇంకోసారి చెబుతున్నాను, ఆ మాట అన్నది నేనే.

ఆ ఆదివారం ఇంకో ముగ్గురితో కలిసి కొబ్బరి పీచు, బకెట్ల నీళ్లతో వెళ్లి ఆ చుక్కలన్నీ రుద్ది తుడిచేశాను. ఫోటోలు దిగాం. ఆ తర్వాత పెద్దబాపు గుట్ట ఎక్కడం మానేశాడు. తప్పు చేసినవాడు కాబట్టి మానేశాడని నేను అందరికీ చెప్పుకున్నాను.

చలి మొదలైన రోజుల్లో ఖాలా పడిపోయింది. ఖాలా అంటే మా వెనక గల్లీలో మేకలు పెంచుకునే ముసలామె. పొద్దున్నే వాటిని గుట్ట మీదికి తోలుకెళ్తుంది. ఒక బండ మీద కాలు పెట్టగానే అది ఒరిగింది. చీలమండ విరిగింది. కేకలు విని పరిగెత్తినవాళ్లలో నేనూ ఉన్నాను. మంచంలో మోసుకొని దించుతుంటే ఆమె నన్ను గుర్తుపట్టి, తిట్టలేదు, అడిగింది.

"వో సఫేద్ నిశాన్ కాయకు మిటా దియే బావా? రైల్వే భాయ్ హమారే వాస్తేచ్ లగాయే థే."

ఆ తెల్ల గుర్తులు ఎందుకు చెరిపేశావు నాయనా, రైల్వే భాయ్ మా కోసమే పెట్టాడు కదా, అని. తర్వాత ఆమే విడమరచి చెప్పింది. అవతలి వైపు పేలుళ్లకు గుట్టంతా కదిలిందట. ఇన్నాళ్లూ గట్టిగా ఉన్న బండలు వదులయ్యాయట. కట్టెతో కొట్టి చూసి, డబ్బుమన్న బండ మీదల్లా పెద్దబాపు సున్నం చుక్క పెట్టాడు. చుక్క ఉన్నచోట కాలు పెట్టొద్దని ఖాలాకు, కట్టెలకు వెళ్లే ఆడవాళ్లకు ఒక్కొక్కరికీ చెప్పాడు. కీమాన్ చేసే పనే. కరపత్రాలు చదివేవాణ్ని నాకు తెలియలేదు, మేకలు కాసే ఖాలాకు తెలుసు.

ఆ రోజే వెళ్లి ఉండాల్సింది. ఆత్మవిమర్శ అనే మాటను నేను కాగితాల్లో ఎన్నిసార్లు వాడానో లెక్క లేదు. ఎదుటివాళ్లు చేసుకోవాలని వాడినవే అన్నీ. తప్పు ఒప్పుకుంటూ కాగితం రాద్దామని కూర్చుంటే, రెండు వాక్యాలు దాటగానే అది ప్లాట్ల వాళ్ల మీదికి మళ్లేది. నా తప్పుకు కూడా వాళ్లే కారణమని రాసేవాణ్ని. అట్లా రాసి చింపుతూ వారాలు గడిచాయి. గల్లీలో ఆయన ఎదురైతే ఫోను చూసుకుంటూ వెళ్లిపోయేవాణ్ని.

ఒక మంగళవారం తెల్లవారుజామున మా తలుపు చప్పుడైంది. అమ్మ తీసింది. దుప్పటి కిందినుంచే ఆయన గొంతు విన్నాను.

"లేచిండా మీ నాయకుడు?"

"గింత పొద్దుగాల ఏంది పెద్దబావా? సలి సూసినవా?" అంది అమ్మ.

"ఒక్క చక్కర్ గుట్ట ఎక్కొద్దామని. ఒక్కన్ని పోవద్దన్నడు డాక్టరు. తోడు ఈన్ని పంపు."

చెప్పులేసుకొని వెళ్లాను. మంచు దిగి ఉంది. పది అడుగుల అవతల ఏమీ కనిపించడం లేదు. ఆయన కట్టె చప్పుడు, నా చెప్పుల చప్పుడు, ఎక్కడో హోటల్లో నహారీ వండే డేగిచాల మూతలు తీస్తున్న చప్పుడు, అంతే. ఆయన స్వెట్టరు జేబులో సున్నం డబ్బా ఉంది. వంపు వంపుకూ ఆగి ఊపిరి కూడదీసుకుంటున్నాడు. నాకు తెలియకూడదని, ఆగిన ప్రతిసారీ ఏదో చూపిస్తున్నాడు. "గీ తంగేడు సూడు, గింత సలికి గూడ పూసింది." ఆయాసపడే మనిషికి ఇప్పుడు చెప్పడం ఎందుకు, పైకి వెళ్లాక చెబుదాం అనుకున్నాను.

ఖాలా పడిన బండ దగ్గర ఆగాడు. కట్టెతో కొట్టాడు. ఆ చప్పుడు నాకు కూడా వినిపించింది, ఖాళీ డబ్బా మీద కొట్టినట్టు. మూత తీసి, కట్టె కొనను సున్నంలో ముంచి, కట్టె నా చేతికిచ్చాడు.

"నువ్వు పెట్టు."

పెట్టాను. బండ మంచుకు తడిసి ఉంది. చుక్క కనిపించనే లేదు. నీళ్లతో పెట్టినట్టు ఉంది.

"ఏం కనవడ్తలేదు పెద్దబాపూ. ఇంకింత పెట్టాల్నా?"

"వద్దు. తడి మీద సున్నం కనవడదు బిడ్డా. ఆరినంక కనవడ్తది. గప్పటిదాంక ఆగాలె."

ఇంకో రెండు బండలకు కూడా నాతోనే పెట్టించాడు. పైన ఆయన ఎప్పుడూ కూర్చునే గుండు మీద కూర్చున్నాం. మంచులో ఊరు లేదు. ఫలక్‌నుమా స్టేషన్ వైపు నుంచి బండి వెళ్తున్న చప్పుడు వచ్చింది. ఆయన తల వంచి విన్నాడు. "వంపు కాడ పట్టా మంచిగనే పలుకుతుంది. ఎవడో గని, పని చేస్తుండు," అన్నాడు. ఎంత తృప్తిగా అన్నాడంటే, ఆ మాట చెదరగొట్టి నా మాట ఎత్తలేకపోయాను.

దిగేటప్పుడు తెగించి నోరు తెరిచాను. "పెద్దబాపూ, ఆ కాగితం..."

"దిగేటప్పుడు మాట్లాడొద్దు," అన్నాడు ముందు చూస్తూనే. "ఎక్కేటప్పుడు ఎవ్వడు పడడు. దిగుడు కాడనే కాలు జారేది."

గల్లీ మొగదలకు వచ్చాక ఆయనే అడిగాడు. "రేపు గూడ వస్తవా? ఇంక మస్తున్నయి."

"రేపు షాపుల పనుంది పెద్దబాపూ. ఆదివారం వస్త."

"మంచిది. ఆదివారమే," అన్నాడు. అదే కొలతతో అడుగులు వేసుకుంటూ వెళ్లిపోయాడు. ఆదివారం గుట్ట మీద, కూర్చున్నప్పుడు, దిగకముందే చెప్పాలని మాటలు సిద్ధం చేసుకున్నాను. శుక్రవారం ఆయన అల్లుడు కార్డు పట్టుకొని షాపుకు వచ్చాడు.

కూడిక అయ్యాక కుర్చీలు ఎత్తుతుంటే పెద్దమ్మ నన్ను లోపలికి పిలిచింది. ఖాకీ స్వెట్టరు జేబులోంచి తీసిన కాగితం నా చేతిలో పెట్టింది. నాలుగు మడతలు. నా కాగితమే. మడతల దగ్గర చిరగడానికి వచ్చింది.

"నేనన్న బిడ్డా," అంది పెద్దమ్మ. "హోటల్ల అందరు నవ్విన్రట గదా, అసలు సంగతి చెప్పొచ్చు గదా అన్న. చెప్తే పిల్లగాడు నలుగుట్ల తలకాయ దించుకోవాలె, ఆడే తెలుసుకుంటడు తియ్ అన్నడు. గుట్ట కోసం లొల్లి పెట్టెటోడు మనకాడ ఆడొక్కడే ఉన్నడు, ఆని నోరు ముయ్యొద్దు అన్నడు."

నేను కాగితం వెనక్కి తిప్పాను. ఖాళీగా ఉన్న వెనక వైపు పెన్సిలుతో, రైల్వే రిజిస్టరులో రాసినట్టు, వరసగా రాసుకున్నాడు.

మొదటి వంపు, ఎడమ బండ, వదులు. సీతాఫలం కాడ పలక, బాగు. ఖాలా మేకల దారి, మూడో బండ, చాల వదులు, ముందు ఇది. అట్లా కాగితం నిండా. మేం మంగళవారం పెట్టిన మూడింటి పక్కన టిక్కులు ఉన్నాయి. అన్నిటికన్నా కింద, వేరుగా ఒక ముక్క.

"మిగిలినయి పిల్లగానితోని. ఆదివారం."

ఆ కాగితానికి రెండు వైపులున్నాయి. ఒక వైపు రాసింది నేను, ఒక వైపు ఆయన. నా వైపు మీరందరూ చదివారు. ఆయన వైపు కూడా అందరూ చదవాలి. దాన్ని కూడా జిరాక్స్ తీసి దీని పక్కన అంటిస్తున్నాను. గుట్ట మీద సున్నం ఎవరిదని అడిగాను కదా. పెద్దబాపుది. మన కాళ్లు విరగకూడదని పెట్టింది. అది తెలియక తుడిచింది నేను, ఖాలా పడింది నా వల్ల. ఇంతకుముందు పంచిన కాగితం ఎవరి దగ్గరైనా ఉంటే, చింపకండి. వెనక వైపు ఖాళీగా ఉంటుంది, దేనికైనా పనికొస్తుంది.

పోయిన ఆదివారం ఆయన కట్టె, సున్నం డబ్బా పెద్దమ్మను అడిగి తీసుకొని గుట్ట ఎక్కాను. ఒక్కో బండను కొట్టి, చెవి పెట్టి విని, కాగితంతో సరిచూసుకుంటూ వెళ్లాను. రెండుచోట్ల నాకు ఖణ్ మని వినిపించింది, కాగితంలో వదులు అని ఉంది. ఇంకోసారి కొట్టి విన్నాను. ఆయన రాసిందే నిజం. ఆఖరి చుక్క పైన, మేం కూర్చున్న గుండు పక్క బండ మీద పెట్టాను. మంచు ఇంకా ఉంది. వెనక్కి తిరిగి చూస్తే దారి పొడుగునా అన్నీ తడి బండలే, ఒక్క చుక్క కూడా లేదు. పొద్దున్నుంచి ఏ పనీ చేయనట్టు ఉంది.

గుండు మీద ఆయన కూర్చునే చోటు వదిలి, పక్కన కూర్చున్నాను. కింద ఫలక్‌నుమా వైపు ఒక బండి పోయింది. మంచు పలచబడి ఎండ ముందుగా పై బండకు తగిలింది. నేను పెట్టిన చోట, అంచున, సన్నగా తెల్లదనం మొదలైంది.